ఒంటి గంటకి ఆగిన నీళ్ళు

ఆ వీధిలో అందరికీ ఆయన బాబాయే. ఆయనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా మొహమాటం లేకుండా బాబాయనే పిలుస్తారు. అవతలి వీధివాళ్ళకి గుర్తు చెప్పాలంటే బ్రేకు బాబాయి అంటారు. ఆ బ్రేకు సంగతి చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినా సగమే చెప్పినట్టు.

బొగ్గు గని నడిచిన రోజుల్లో బాబాయి ఇంజను ఇంట్లో పనిచేసేవాడు. కార్మికులు ఇనప పంజరంలో ఎక్కి నిలబడితే, దాన్ని తాడు మీద బావిలోకి దింపడం, పని ముగిశాక పైకి లాగడం ఆయన ఉద్యోగం. తమాషా ఏమిటంటే, అన్నేళ్ళలో ఆ పంజరాన్ని గానీ, అందులోని మనుషులని గానీ తను కూర్చున్నచోటి నుంచి ఆయన చూసింది లేదు. ఎదురుగా గోడ, గోడకి గంట, కుడిచేతి కింద బ్రేకు కర్ర. ఒక గంట మోగితే ఆపాలి. రెండు మోగితే దింపాలి. మూడు మోగితే మనుషులు ఎక్కారని అర్థం. అప్పుడు బొగ్గుని లాగినట్టు లాగితే కుదరదు, మెత్తగా నడపాలి. పంజరం నేలకి ఆనిందో లేదో లోపలివాళ్ళకి తెలియకుండా ఆనిస్తాడని బాబాయికి పేరు. ఒకాయన నిండు టీ గ్లాసుతో ఎక్కి, చుక్క ఒలకకుండా దిగి, కింద నిలబడి తాగాడని చెప్పుకునేవాళ్ళు. ఆ గ్లాసు సంగతి ఎవరో చిలవలు పలవలు చేర్చిందే. అయినా ఎవరైనా చెబుతుంటే బాబాయి కాదనేవాడు కాదు.

గంటలు ఇంట్లోకి కూడా వచ్చేశాయి. ఇంజను మోతలో గడిపి గడిపి ఆయనకి చెవులు కాస్త మందగించాయి. అరిచి గొంతు పోగొట్టుకోవడం ఇష్టంలేక, ఆయన భార్య పెళ్ళయిన కొత్తలోనే గరిటె తీసుకుని కంచం మీద కొట్టడం మొదలుపెట్టింది. ఆయన బాబాయి కాబట్టి ఆవిడ వీధికంతటికీ పిన్ని. పిన్ని రెండు దెబ్బలు కొడితే మేడ దిగి భోజనానికి రమ్మని. ఒక దెబ్బ కొడితే ఇక ఆ నోరు ఆపమని. మరి మూడు దెబ్బలు ఎప్పుడు కొడతావని ఆడవాళ్ళు అడిగితే మాత్రం మొహం పక్కకి తిప్పుకుని, "మీకెందుకే?" అనేది.

గని మూతపడ్డాక ఆ ఇంటిని నిలబెట్టింది పిన్నే. పట్నంలోని ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని పట్టింది. వాగులోంచి పంపుతో తొట్లలోకి నీళ్ళు తోడడం, ఉడకబెట్టడం, జాడించడం, ఇంటి వెనక బారులు తీరిన తీగల మీద ఆరెయ్యడం. ఆ తీగలు సరిగ్గా గని ఆవరణకి ఎదురుగా ఉంటాయి. తెల్లదుప్పట్లు ఆరేసి, నోట్లో క్లిప్పులు కరుచుకుని, నడుం మీద చేతులేసుకుని వాటిని చూసుకుంటున్నప్పుడు పిన్నిని పలకరించడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. అది ఆవిడ గుడి, బడి, కచేరీ అన్నీ. బాబాయి ఆ రోజుల్లో వీధి అరుగు మీద కూర్చుని, పక్కింటి దీపాలాయనతో పాత కబుర్లు చెప్పుకుంటూ పొద్దు గడిపేవాడు. దీపాలాయన అంటే గనిలో దీపాల గది చూసుకున్న మనిషి. ఎవరి మీద జోకెయ్యాలా అని ఎదురుచూస్తూ ఉండటం ఆయన ఉద్యోగ విరమణ తర్వాతి ఉద్యోగం.

ఇలా ఉండగా గని కట్టడాలన్నీ పడగొడతారని కబురొచ్చింది. పడగొట్టక తప్పేలా లేదు మరి. కప్పులమీద రాతినార రేకులు, అదే ఆస్బెస్టాస్, పెళుసుబారి, గాలికి పొడి రాలుతోంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. ఇంజను ఇంటి కింద నేల ఏళ్ళ తరబడి నూనె తాగి వాన పడినప్పుడల్లా వాగులోకి కక్కుతోంది. పని చేయించడానికి వచ్చిన సూపర్‌వైజరు చిన్న వయసమ్మాయి. తలమీద టోపీ ఆమెకంటే పెద్దది. వచ్చిన వారంలోనే ఇల్లిల్లూ తిరిగి, ఏది ఎలా కూలుస్తారో ఓపిగ్గా చెప్పింది. ముందు రేకులు తడిపి, పగలకుండా చేత్తో దింపి, ప్లాస్టిక్‌లో చుట్టి పంపించేస్తారట. నూనె మట్టిని విడిగా తవ్వి తీస్తారట. ఇటుకలు అక్కడే నలగ్గొట్టి ఆ పాత బావిలోకే నింపుతారట, దాంతో లారీలు వీధిలో తిరిగే బాధ తగ్గుతుంది. ఇక మిగిలింది దుమ్ము. దానికి నీళ్ళు తుంపరగా చిమ్మే ఫిరంగి లాంటి మిషను ఒకటుంది, దాని లివరు దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలి అంది.

బాబాయి మర్నాడు పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాడు.

"రోజంతా లివరు పట్టుకుని కూర్చోవాలి బాబాయి గారూ. విసుగు పుడుతుందేమో," అంది సూపర్‌వైజరమ్మ.

"అమ్మాయ్, నేను బతుకంతా చేసింది అదేగా," అన్నాడు బాబాయి.

ఆమె నవ్వి పనిలో పెట్టుకుంది. యంత్రాల మోతలో ఈలలు వినపడవు కాబట్టి సైగలకి ఏదైనా గట్టి చప్పుడు కావాల్సి వచ్చింది. ఇంజను ఇంటి గోడకి ఇంకా వేలాడుతున్న పాత ఇత్తడి గంట ఆమె కంటబడింది. ఇంత మంచి గంట ఉండగా వేరే ఎందుకని సంబరపడి అక్కడికక్కడే నియమం పెట్టేసింది. ఒక గంట కొడితే నీళ్ళు వదలాలి. రెండు కొడితే కూల్చే యంత్రం గోడని లాగాలి. మూడు కొడితే అంతా ఆపెయ్యాలి. బాబాయి బుద్ధిగా తల ఊపాడు. తలకి బాగానే అర్థమైంది. చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదట కూల్చింది స్నానాల గది, పని దిగాక కార్మికులు ఒళ్ళు కడుక్కునే పొడవాటి హాలు. బట్టలు లోపల పెట్టుకోమని వీధిలో ముందే చెప్పారు. అందరూ పెట్టుకున్నారు, పిన్ని తప్ప. "నీళ్ళ దగ్గర కూర్చున్నది మా ఆయన. దుమ్ము నా దగ్గరికి వచ్చేముందు ఆయన్ని అడగాలి," అని దర్జాగా తీగలన్నీ నింపేసింది.

బాబాయికి కాలు నిలవలేదు. గంట కొట్టకముందే లివరు తోసేసి, తెల్లటి తుంపర గోడమీద పడుతుంటే మురిసిపోతూ చూస్తున్నాడు. అంతలో గంట మోగింది. ఒకటి. అదే గంట, అదే మోత. ఏళ్ళ తరబడి వినీ వినీ ఎముకల్లో ఇంకిపోయిన మోత. బాబాయి చెయ్యి టక్కున లివరు వెనక్కి లాగేసింది. నీళ్ళు ఆగిపోయాయి. ఇదేమిటని ఆయన అనుకునేలోపు రెండు గంటలు మోగాయి. యంత్రం గోడని లాగింది.

అన్నేళ్ళలో అక్కడ స్నానం చేసినవాళ్ళ ఒంటిమీది బొగ్గంతా ఆ గోడల్లోనే దాక్కున్నట్టుంది. నల్లటి మబ్బు లేచింది. ఆవరణ గోడ దాటింది. వీధి మీదికి వంగి, తాపీగా, పని పూర్తిచేసుకుని వెళ్ళింది. అది తేలిపోయాక చూస్తే పిన్ని దుప్పట్లు ఎండలో నిలబెట్టిన పలకల్లా ఉన్నాయి.

"బాబాయ్, నువ్వు బ్రేకు వెయ్యడం మర్చిపోలేదని ఊరంతా కళ్ళారా చూసింది," అన్నాడు దీపాలాయన గేటు దగ్గర.

బాబాయి తలొంచుకుని నడిచాడు. ఇంటికొచ్చి గడపలో నిలబడి నీళ్ళు నమిలాడు. "నేను కాదే, నా చెయ్యి..." అని మొదలుపెట్టాడు. లోపల కంచం మీద గరిటె ఒక్కసారి మోగింది. అది కూడా ఎంత గట్టిగా అంటే, కంచానికి సొట్ట పడింది.

ఆసుపత్రి వాళ్ళకి దుప్పట్లు ఆలస్యంగా వెళ్ళాయి. అక్కడి స్టోరు చూసే ఆవిడ ఫోన్లోనే తేల్చి చెప్పేసింది. ఈసారికి పోనిస్తాం, మళ్ళీ మురికిగా వచ్చినా, ఆలస్యమైనా పని పట్నంలోని మిషను లాండ్రీకి ఇచ్చేస్తాం అని. పిన్ని ఫోను పెట్టేసి ఖాళీ తీగల కేసి చూసింది. "ఆ పని పోతే నాకు ఊరికే కూర్చోవడం చేతకాదండీ," అంది. తిట్టినా బాగుండేది. ఆ మాటకి బాబాయికి తల కొట్టేసినట్టయింది. పిన్ని పనికి తను అడ్డం పడటమనేది ఆయన కలలో కూడా అనుకోని సంగతి.

ఆ సిగ్గుతో ఆయన చేసింది రెండో తప్పు. దీపాల గది కూల్చిన రోజు గంటల మాటే పట్టించుకోలేదు. పొద్దుట లివరు తోసినవాడు సాయంత్రం దాకా లాగలేదు. చేతికి ఎముక లేనట్టు నీళ్ళు పోశాడు. దుమ్ము అనేది మచ్చుకైనా లేవలేదు. తన గదిని వానలో సాగనంపారని దీపాలాయన కూడా మెచ్చుకున్నాడు. బాబాయి కాలరు ఎగరేసుకుంటూ లేవబోతుండగా గేటు దగ్గర పిన్ని కనిపించింది. చేతిలో బక్కెట్టు. తిన్నగా వచ్చి, ఆయనకీ సూపర్‌వైజరమ్మకీ మధ్య పెట్టింది. అందులో నీళ్ళు సిరాలా ఉన్నాయి. బాబాయి పోసిన నీళ్ళే బొగ్గునీ సున్నాన్నీ కడుక్కుంటూ వాగులోకి దిగి, పంపులోంచి పిన్ని తొట్లలోకి వచ్చాయి.

"దీంట్లో జాడిస్తే దుప్పటికి ఏ రంగొస్తుందో ఇద్దరూ చూసి చెప్పండి," అంది.

బాబాయి పూర్తిగా నీరుగారిపోయాడు. సూపర్‌వైజరమ్మ మాత్రం టోపీ తీసి, బక్కెట్టు ముందు కూర్చుని, నీళ్ళలో వేలు పెట్టి చూసింది. "తప్పు నాది పిన్నిగారూ. వాగు వైపు కాలవ ముందే తవ్వించాల్సింది. దుమ్ము గురించే చూశాను గానీ నీళ్ళు ఎటు పోతాయో చూడలేదు," అంది. ఆ రోజుకి పని ఆపించి, ఆవరణ చుట్టూ కాలవ తవ్వించి, మూలన గుంట తీయించి, అడుగున మందపాటి పట్టా పరిపించింది. మురుగు అందులో పేరుకుంటుంది, తేరిన నీళ్ళు మళ్ళీ మిషనుకే వెళతాయి. వాగు తేటపడేదాకా పిన్ని తొట్లకి ట్యాంకరుతో మంచినీళ్ళు పంపించింది. అదంతా అయ్యాక బాబాయి పక్కన ఇటుకల కుప్ప మీద కూర్చుంది.

"మొదటిరోజు నీళ్ళెందుకు ఆపేశారు బాబాయి గారూ? నిజం చెప్పండి."

"గంట కొట్టావుగా."

"వదలమని కదా కొట్టాను!"

"ఒకటి కొడితే ఆపడమే అమ్మాయ్. మొన్న నువ్వొచ్చి వదలమన్నావు. నాకు తెలుసు. దీనికి తెలీదు," అని బాబాయి కుడిచెయ్యి ఎత్తి, చెప్పిన మాట వినని పిల్లాడిని చూపించినట్టు చూపించాడు.

ఆమె నవ్వాపుకోలేకపోయింది. పాత గంటలన్నీ అడిగి చెప్పించుకుంది. మూడు గంటల సంగతి వచ్చేసరికి బాబాయి గొంతు కాస్త తగ్గింది. "మూడంటే మనుషులు ఎక్కారని. మూడు వింటే నా చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. ఆపను, దూకించను."

"అయితే ఇంకేం, మీ గంటలే పెట్టుకుందాం," అంది ఆమె. "ఒకటికి అందరూ ఆగుతారు. రెండుకి యంత్రం గోడ దింపుతుంది. మూడుకి మీరు. నాక్కావాల్సింది కూడా అదే బాబాయి గారూ. వరద వద్దు. దుమ్ముని పట్టుకునేంత తుంపర, కాలవ దాటనంత నీళ్ళు."

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. స్టోరు గది, కమ్మరి కొట్టం, ఆఫీసు ఒక్కొక్కటే నేలకి దిగాయి. బాబాయి చెయ్యి గోడని బట్టి, గాలిని బట్టి కదిలేది. దుమ్ము లేచినచోటే తలవంచుకు కూర్చునేది, గుంటలో నీళ్ళు గట్టు దాటేవి కావు. పొద్దున్నే ఈలేసుకుంటూ పనికి వెళ్ళే బాబాయిని చూసి, కొత్త ఉద్యోగం కాదు, కొత్త పెళ్ళి అన్నాడు దీపాలాయన.

పిన్నికి మాత్రం నమ్మకం రాలేదు. దుప్పట్లు ఇంట్లోనే ఆరేసేది. వంటింట్లో దుప్పట్లు, మేడమెట్ల మీద దుప్పట్లు, మంచం చుట్టూ దుప్పట్లు. భార్యాభర్తలు ఒకరినొకరు వెతుక్కోవాల్సి వచ్చేది. బాబాయి భోజనం చేస్తూ తల ఎత్తితే ముక్కుకి తడి గుడ్డ తగిలేది. పైగా ముసురు పట్టి, ఎండ మొహం చూసి చాలా రోజులైంది. దుప్పట్లకి తడి వాసన పట్టింది. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఫోనొచ్చింది. ఈ విడత కూడా వాసనతో వస్తే, వ్యాను ఇక రాదు అని.

ఆ విడత వెళ్ళాల్సిన రోజునే చివరి కట్టడం కూల్చడానికి పెట్టారు. అది ఇంజను ఇల్లు.

"రేపు మూడు గంటలకి బాబాయి గారూ," అంది సూపర్‌వైజరమ్మ ముందురోజు.

"టైమా, గంటలా?"

"రెండూ."

వీధిలో అందరూ బాబాయి ఏడుస్తాడని ఎదురుచూశారు. దీపాలాయన చేతిరుమాలు కూడా జేబులో పెట్టుకొచ్చాడు. బాబాయికి బాధ లేకపోలేదు. ఆ గోడకేసి చూస్తూనే ఆయన జుట్టు నెరిసింది. కానీ ఆయన మనసులో ఆ రోజు ఇటుకలకి అంత చోటు లేదు. ఎందుకంటే తెల్లారేసరికి మబ్బు విడిపోయి కళ్ళు చెదిరే ఎండ కాసింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చిన బాబాయి వెనక గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇంటి వెనక తీగలన్నీ నిండిపోయాయి. ఒక్క దుప్పటి కూడా లోపల మిగల్లేదు. గాలి కూడా గని వైపు నుంచే వీస్తోంది.

"నీకేమన్నా మతి పోయిందా? తీసెయ్! ఇంకాసేపట్లో ఇంజను ఇల్లు పడుతుంది. అన్నిటికంటే పెద్దగోడ అదే," అన్నాడు.

"ఇవాళ ఎండ తగలకపోతే ఆ పని ఎలాగూ పోయినట్టే," అంది పిన్ని, క్లిప్పు పెడుతూ.

"దుమ్ము పడితే?"

పిన్ని నోట్లో క్లిప్పు తీసి ఆయన కళ్ళలోకి చూసింది. "మీరున్నారుగా," అంది. వెక్కిరింపు ఏ మూలా లేదు. పొయ్యిమీద పాలున్నాయి చూడండి అన్నంత మామూలుగా అంది. బాబాయి దుప్పటి ఆరిందో లేదో చూస్తున్నట్టు ఓ అంచు పట్టుకుని, వదిలి, వెళ్ళిపోయాడు.

మూడింటికి గంట మూడుసార్లు మోగింది. బాబాయి చెయ్యి మెత్తబడింది. తుంపర లేచి గోడ చుట్టూ తెరలా నిలబడింది. రెండు గంటలు మోగాయి. యంత్రం పై ఇటుకల్ని పట్టుకుంది. గోడ ఊగింది. ఆ గోడకి గంట తగిలించిన మేకు ఇంకా ఉంది. అది బాబాయికి కనిపించింది, కనిపిస్తూనే కిందికి వచ్చేసింది. ఆయన లివరుని ఇంకాస్త తోసి, గాలికి ఎదురుగా తిప్పి, మళ్ళీ వెనక్కి తగ్గించాడు. లోపల ఎవరో చేతిలో గ్లాసులతో నిలబడి ఉన్నట్టే నడిపాడు. గోడ మొత్తం దిగింది. దుమ్ము ఆవరణ మధ్యలో లేచి, తడిసి, అక్కడికక్కడే కూలబడింది. ఒక గంట మోగింది. బాబాయి ఆపాడు. అంతా ఆగింది.

దీపాలాయన రుమాలు పట్టుకుని దగ్గరికొచ్చి, బాబాయి మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. బాబాయి నవ్వుతున్నాడు. "ఇన్నేళ్ళూ మనుషుల్నే దింపాను. చివరికి ఇంటినే దింపేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు," అన్నాడు.

ఆయన ఇంటికి చేరేసరికి పిన్ని తీగల దగ్గరే ఉంది. ఒక్కో దుప్పటినీ ఎండకి అడ్డంపెట్టి చూస్తూ, మడతపెడుతూ వస్తోంది. వ్యాను వీధి చివర హారను కొడుతోంది. బాబాయి పక్కన నిలబడి లెక్కపెట్టసాగాడు. ఒకటి తెలుపు. రెండోది తెలుపు. బారు తర్వాత బారు తెలుపు. ఆఖరి బారులో ఒక దుప్పటి దగ్గర పిన్ని చెయ్యి ఆగిపోయింది.

అంచు మీద నల్లటి మరక.

బాబాయి దగ్గరకొచ్చి చూశాడు. దుమ్ము కాదు, లివరు గ్రీజు. బొటనవేలు, పక్కన నాలుగు వేళ్ళు. మధ్యాహ్నం ఆయన పట్టుకున్న అంచు అది. పిన్ని ఆ మరకకేసి చూసింది. ఆయన చేతికేసి చూసింది. బాబాయి ఆ చేతిని వీపు వెనక దాచుకున్నాడు. పిన్ని ఇంట్లోకి వెళ్ళి, బీరువాలోంచి కొత్త దుప్పటి ఒకటి తెచ్చి, కట్టలో లెక్క సరిచేసి వ్యాను ఎక్కించింది. మరక దుప్పటిని మాత్రం తొట్లో వెయ్యలేదు. తిన్నగా తీసుకెళ్ళి తమ మంచం మీద పరిచింది.

చీకటి పడుతుండగా బాబాయి మేడమీద కూర్చుని ఖాళీ అయిన ఆవరణని చూస్తున్నాడు. కింద కంచం మీద గరిటె మోగింది. ఆయన రెండు దెబ్బలకి లేవబోయాడు. మూడోది కూడా వినిపించింది.

బాబాయి మెట్లు మెత్తగా దిగాడు.